మనసు చెప్పిందా, మెదడు ఊహించిందా? ఇంట్లోనే తేల్చుకోవడం ఎలా

వంటింట్లోంచి మూతలున్న డబ్బాలు రెండు తెచ్చుకోండి. ఒకటి చిన్న స్టీలు డబ్బా, ఇంకోటి అయిదు లీటర్లు పట్టే ప్లాస్టిక్ డబ్బా. చిన్నదాంట్లో ఉప్పు నింపండి. పెద్దదాంట్లో కూడా ఉప్పే, కాకపోతే కవర్లో కట్టి పెట్టి, అది కదలకుండా చుట్టూ పాత గుడ్డలు కుక్కండి. డబ్బాతో సహా రెండూ సరిగ్గా అరకిలో తూగేలా కాటా మీద సర్దండి. ఇప్పుడు ఇంట్లో ఈ సంగతి తెలియని వాళ్ళని పిలిచి, ఒకే చేత్తో ఒకదాని తర్వాత ఒకటి ఎత్తి ఏది బరువో చెప్పమనండి. చిన్నదే అంటారు. మా ఇంట్లో నలుగురికి నలుగురూ అదే అన్నారు. కాటా చూపిస్తే మా నాన్న "అయితే కాటా చెడిపోయింది" అన్నారు, ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నారు.

ఇప్పుడు మీరు ఎత్తండి. తూచింది మీరే, రెండూ సమానమని మీకు తెలుసు, అయినా చిన్నదే బరువుగా ఉంటుంది. పదిసార్లు ఎత్తినా అంతే. 1891లో షార్పాంత్యే అనే ఫ్రెంచి వైద్యుడు దీని గురించి రాశాడు. పెద్ద వస్తువు బరువుంటుందని మెదడు ముందే లెక్క వేసుకుని ఉంటుంది, ఆ లెక్క తప్పడం వల్లే చిన్నది బరువనిపిస్తుందని చాలాకాలం అనుకున్నారు. 2000లో వేళ్ళు ఎంత బలం పెడుతున్నాయో కొలిచి చూస్తే విచిత్రం ఒకటి బయటపడింది. కాసేపు ఎత్తితే చాలు, వేళ్ళు సరైన బలం నేర్చేసుకుంటున్నాయి, రెండిటికీ సమానంగానే బలం పెడుతున్నాయి, కానీ మనకి కలిగే 'బరువు' మాత్రం మారట్లేదు. అంటే చేతికి తెలిసిన నిజం మనదాకా రావట్లేదన్నమాట.

దీంతోనే ఎందుకు మొదలుపెట్టానంటే, "ఎందుకో మనసు ఒప్పుకోవట్లేదు", "వాణ్ణి చూడగానే తేడా కొట్టింది", "ఇది జరుగుతుందని నాకు ముందే తెలుసు" అని మనం అనే మాటలన్నీ ఈ డబ్బా బరువు లాంటివే. పాత అనుభవం పట్టుకుని మెదడు వేసిన ఊహ మనకి ఊహలా తెలియదు, నిజంలా తగులుతుంది. దానితో వాదించి లాభం లేదు, పక్కన కాటా పెట్టుకోవడం ఒక్కటే దారి. కాబట్టి ముందు ఊహ ఎలా పనిచేస్తుందో కళ్ళారా చూద్దాం, తర్వాత మన 'అనిపించడాల'కి కాటా తయారుచేసుకుందాం.

కంటికి ఉన్న కన్నం

తెల్ల కాగితం అడ్డంగా పెట్టి ఎడమ పక్క ఒక ప్లస్ గుర్తు వేయండి. దానికి కుడివైపు 8 సెంటీమీటర్ల దూరంలో బఠాణీ గింజంత నల్ల చుక్క పెట్టండి. ఎడమ కన్ను మూసేసి, కుడి కంటితో ప్లస్ గుర్తునే చూస్తూ కాగితాన్ని చెయ్యి చాచినంత దూరం నుంచి మెల్లగా దగ్గరికి తెచ్చుకోండి. చుక్క వైపు చూడకూడదు, ఆశ పుడుతుంది, అయినా చూడకూడదు. దాదాపు 30 సెంటీమీటర్ల దగ్గర చుక్క మాయమవుతుంది. ఇంకా దగ్గరికి తెస్తే మళ్ళీ వస్తుంది. రాకపోయినా, మాయం కాకపోయినా మీ చూపు జారిందని అర్థం, మళ్ళీ చేయండి.

కంటి వెనక పొర నుంచి నరాలన్నీ కట్టగా కలిసి బయటికి వెళ్ళే చోట వెలుగుని పట్టే కణాలు ఉండవు. 1660లలో మారియోట్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఈ గుడ్డి చుక్కని కనిపెట్టాడు. కన్నం ఉండటం కంటే, ఇన్నేళ్ళుగా మనకి అది కనిపించకపోవడమే నాకు ఎక్కువ ఆశ్చర్యం. చుక్క పోయిన చోట నల్లని గుంట ఏమీ లేదు కదా, తెల్ల కాగితమే ఉంది. ఆ తెలుపు కాగితం నుంచి రాలేదు, మెదడు పూసింది. నమ్మకం కుదరకపోతే చుక్క మీదుగా నిలువుగా ఒక గీత గీసి మళ్ళీ చూడండి, చుక్క పోయినా గీత మధ్యలో తెగకుండా నిలబడుతుంది. తమిళనాడులో పుట్టి, చెన్నైలో వైద్యం చదివి, అమెరికాలోని శాన్ డియాగోలో పనిచేసిన వి.ఎస్. రామచంద్రన్ ఈ పూత మీద చాలా పరీక్షలు చేశారు. తెగిపోయిన చేతిలో ఇంకా నొప్పి పుడుతుందని బాధపడే వాళ్ళకి పెట్టెలో అద్దం నిలబెట్టి, ఉన్న చెయ్యి ప్రతిబింబాన్ని పోయిన చెయ్యిలా చూపించి కొందరికి ఉపశమనం ఇచ్చిన డాక్టరు ఆయనే.

ఇక్కడ పనికొచ్చే మాట ఒకటి చెప్పి ముందుకెళ్తాను. గ్లకోమా (నీటికాసులు) అనే కంటి జబ్బులో పక్క చూపు కొంచెం కొంచెంగా పోతున్నా చాలామందికి తెలియకపోవడానికి ఈ పూత కూడా ఒక కారణం, పైగా రెండో కన్ను కొంత సర్దేస్తుంది. "నాకు బాగానే కనిపిస్తోంది" అన్నది కంటికి పరీక్ష కాదు. నలభై దాటినవాళ్ళు, ఇంట్లో ఎవరికైనా గ్లకోమా ఉన్నవాళ్ళు కంటి ఒత్తిడి, కంటి నరం చూపించుకోండి.

మరో మూడు, త్వరగా

అద్దం ముందు నిలబడి మీ ఎడమ కన్ను చూడండి, వెంటనే కుడి కన్ను చూడండి, ఇలా మార్చి మార్చి చూడండి. మీ కళ్ళు కదలడం మీకు ఒక్కసారీ కనబడదు. పక్కన నిలబడిన వాళ్ళకి శుభ్రంగా కనబడుతుంది. ఫోన్లో సెల్ఫీ కెమెరా పెట్టుకుంటే మీకూ కనబడుతుంది, ఎందుకంటే అక్కడ బొమ్మ కొంచెం ఆలస్యంగా వస్తుంది. కన్ను ఒకచోటి నుంచి ఇంకోచోటికి దూకేటప్పుడు వచ్చే మసకని మెదడు మన దాకా రానివ్వదు. ఇలాంటి దూకుళ్ళు సెకనుకి మూడు దాకా ఉంటాయి. అంటే రోజంతా అతుకులు వేసిన సినిమా చూస్తున్నాం, అతుకులు మాత్రం ఎక్కడా కనబడవు.

చూపుడు వేలు మీదికి మధ్య వేలు మెలేసి, కళ్ళు మూసుకుని, ఆ రెండు కొసల మధ్యలో ఒక్క శనగ గింజని దొర్లించండి. రెండు గింజలనిపిస్తుంది. అరిస్టాటిల్ కాలం నుంచీ తెలిసిన సంగతే ఇది. మామూలుగా ఆ రెండు వేళ్ళ బయటి అంచులకి ఒకేసారి ఒకే వస్తువు తగలదు, కాబట్టి రెండున్నాయని మెదడు తీర్పు ఇచ్చేస్తుంది. పిల్లలతో చేయించండి, పెద్దవాళ్ళు అయితే వేళ్ళ నొప్పులంటారు.

మూడోది చెవికి. సరిగ్గా వినబడని పాట ఒకటి తీసుకోండి, వాయిద్యాల హోరులో పదాలు మునిగిపోయేది, మనకేమీ కరువు లేదు కదా అలాంటి పాటలకి. ముందు రెండుసార్లు వినండి. తర్వాత సాహిత్యం చదివి మళ్ళీ వినండి. ఇప్పుడు ప్రతి అక్షరం స్పష్టంగా వినిపిస్తుంది, "ఇంత తేలిగ్గా ఉంది, ముందు ఎందుకు వినబడలేదు" అనిపిస్తుంది. పాట మారలేదు, చెవి మారలేదు. ఇంకా గట్టి పరీక్ష కావాలంటే మెక్‌గర్క్ ప్రయోగం వీడియోలు వెతకండి. 1976లో ఇంగ్లండులో మెక్‌గర్క్, మెక్‌డొనాల్డ్ అనే ఇద్దరు చేసిన పని అది. మనిషి పెదాలు 'గ' అంటుంటే దాని మీద 'బ' శబ్దం వేశారు. చూస్తూ విన్నవాళ్ళలో ఎక్కువమందికి 'డ' వినబడింది. అందరికీ ఒకేలా రాదు, కానీ అలా వినబడినవాళ్ళకి కళ్ళు మూసుకోగానే 'బ' అవుతుంది, తెరవగానే 'డ' అవుతుంది.

వీటన్నిటి వెనకా ఉన్నది ఒకటే. బయటి నుంచి వచ్చే సమాచారం ఎప్పుడూ అరకొరగానే ఉంటుంది, మిగతాది మెదడు పాత అనుభవంలోంచి తీసి నింపుతుంది. 19వ శతాబ్దంలోనే జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ చూడటమంటే మనకి తెలియకుండా లోపల జరిగే ఒక అనుమానం అన్నాడు. అనుమానం అంటే డౌటు కాదు, తర్కంలో వాడే అర్థం, పొగని చూసి నిప్పుందని తెలుసుకోవడం లాంటిది. మనవాళ్ళు అంతకు చాలా ముందే మసక వెలుతురులో తాడుని చూసి పాము అనుకోవడాన్ని వేదాంతానికి ఉదాహరణగా వాడుకున్నారు. నేను ఇక్కడ వేదాంతం జోలికి పోవట్లేదు, ఒక్క సంగతి మాత్రం గమనించండి. తాడుని చూసి గెంతిన మనిషి ముందు గెంతుతాడు, తర్వాత 'పాము' అనుకుంటాడు, ఆ తర్వాత తాడని తెలుసుకుంటాడు. మనకి తెలివిడిగా అందేది ఆఖరి ముక్క.

మరి 'మనసు చెప్పడం' ఎక్కడి నుంచి వస్తుంది

మా పెద్దమ్మ పెనం మీద నాలుగు నీటి చుక్కలు చల్లి, ఆ చప్పుడు విని, "ఇంకా కాలలేదు, ఆగు" అంటుంది. ఎలా తెలిసిందంటే చెప్పలేదు. "తెలుస్తుంది అంతే" అంటుంది. నలభై ఏళ్ళుగా రోజూ దోసెలు వేస్తోంది, వేసిన ప్రతిసారీ ఆమె ఊహ తప్పా ఒప్పా అన్నది నిమిషంలో పెనమే చెప్పేస్తుంది. ఇలాంటి చోట 'అనిపించడం' అంటే వేలసార్లు దిద్దించిన జ్ఞాపకం, మాటల్లో పెట్టలేకపోయినంత మాత్రాన అది గాలిలోంచి వచ్చింది కాదు.

చదరంగంలో దీన్ని బాగా కొలిచారు. 1973లో అమెరికాలో చేజ్, సైమన్ అనే పరిశోధకులు ఆట మధ్యలో ఉన్న బోర్డుని అయిదు సెకన్లు చూపించి, పావులు ఎక్కడెక్కడ ఉన్నాయో మళ్ళీ పేర్చమన్నారు. మాస్టరు స్థాయి ఆటగాడు మామూలు ఆటగాళ్ళ కంటే ఎన్నో రెట్లు బాగా పేర్చాడు. అవే పావుల్ని అడ్డదిడ్డంగా పెట్టి చూపిస్తే ఆ గొప్పతనం దాదాపు మాయమైంది. అంటే జ్ఞాపకశక్తి ఎక్కువ అని కాదు, నిజమైన ఆటల్లో వచ్చే అమరికలు అతనికి ముఖాల్లా పరిచయం. గుడివాడలో పుట్టి 2002లో పదిహేనేళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయిన కోనేరు హంపి 2019లో, మళ్ళీ 2024లో మహిళల ప్రపంచ ర్యాపిడ్ విజేత అయింది. ర్యాపిడ్ అంటే ఎత్తుకి పై ఎత్తు తీరిగ్గా లెక్కపెట్టుకునే వ్యవధి లేని ఆట, అక్కడ ఏ ఎత్తులు చూడాలో ముందు కంటికే తట్టాలి. చిన్నప్పటి నుంచి తండ్రి దగ్గర కూర్చుని దిద్దుకున్న వేల ఆటలు లేకుండా అలా తట్టదు.

శరీరం కూడా ఇందులో భాగమే అని చెప్పే ప్రయోగం ఒకటుంది. 1997లో బెచారా, డమాసియో బృందం నాలుగు పేకముక్కల కట్టలు పెట్టి ఆడించింది. రెండు కట్టల్లో పెద్ద లాభాలు, మధ్యమధ్యలో అంతకంటే పెద్ద దెబ్బలు. మిగతా రెండిట్లో చిన్న లాభాలు, చిన్న దెబ్బలు, చివరికి మిగిలేది అక్కడే. దాదాపు పది ముక్కలు తీసేసరికే చెడ్డ కట్ట మీద చెయ్యి వేయబోతే అరచేతిలో చెమట పట్టడం మొదలైంది. యాభై ముక్కల దగ్గర "ఆ కట్ట ఎందుకో నచ్చట్లేదు" అన్నారు. ఎనభై దగ్గర చాలామంది కారణం చెప్పగలిగారు. నుదుటి వెనక, కళ్ళ మీది భాగంలో మెదడు దెబ్బతిన్నవాళ్ళకి ఆ ముందు చెమట పట్టలేదు, వాళ్ళలో కొందరు చెడ్డ కట్ట ఏదో తెలిశాక కూడా దాన్నే తీశారు. తర్వాత 2004లో వేరేవాళ్ళు ఇంకా వివరంగా ప్రశ్నలు అడిగి చూస్తే, ఆడేవాళ్ళకి మనం అనుకున్నదానికంటే ముందే విషయం తెలుస్తోందని తేలింది. కాబట్టి "మెదడు కంటే ఒళ్ళే తెలివైనది" అని ఈ ప్రయోగాన్ని చూపించి ఎవరైనా క్లాసు పీకితే సగమే నమ్మండి.

నమ్మే ముందు అడగాల్సిన రెండు ప్రశ్నలు

అనిపించడాన్ని నమ్మాలా వద్దా అని జీవితమంతా చెరోవైపు నిలబడి వాదించిన ఇద్దరు, డేనియల్ కానెమన్, గేరీ క్లైన్, 2009లో కలిసి ఒక వ్యాసం రాశారు. ఒకాయన మనిషి తీర్పుల్లోని తప్పుల్ని పట్టినవాడు, ఇంకొకాయన మంటలార్పే దళాల నాయకులు క్షణంలో ఎలా నిర్ణయిస్తారో చూసి ముచ్చటపడినవాడు. ఇద్దరూ ఒప్పుకున్నవి ఇవి. ఒకటి, మీరు ఊహ వేస్తున్న చోట స్థిరమైన తీరు ఏదైనా ఉందా? రెండు, ఆ తీరుని నేర్చుకునేన్ని సార్లు మీరు చేసి, ప్రతిసారీ ఫలితం చూసుకున్నారా?

పెనం, చదరంగం, బండి ఇంజను చప్పుడు వినే మెకానిక్, రోజూ అవే రోగాలు చూసే నర్సు, వీళ్ళకి రెండూ అవును. ఇంటర్వ్యూలో అయిదు నిమిషాలు చూసి "వీడు పనికొస్తాడు" అనే మేనేజరుకి రెండోది లేదు, ఎందుకంటే వద్దన్నవాడు ఇంకోచోట ఎలా పనిచేశాడో ఆయనకి ఎప్పటికీ తెలియదు. పెళ్ళిచూపుల్లో "పిల్ల చూడగానే నచ్చింది" అన్నదీ అంతే, ఎన్నిసార్లు చేస్తాం ఆ పని. షేర్ మార్కెట్టులో రోజువారీ ఆటకి మొదటిదే అనుమానం. 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్స్ (ధర ముందు ముందు ఎటు పోతుందో దాని మీద కాసే పందేల లాంటివి) ఆడిన కోటి మందికి పైగా చిన్న మదుపరులలో 93 శాతం నష్టపోయారని షేర్ మార్కెట్టుని నియంత్రించే సెబీ లెక్క తేల్చింది. వాళ్ళలో ఎంతమందికి ఆ రోజు పొద్దున్న 'ఈ రోజు పెరుగుతుంది' అని గట్టిగా అనిపించి ఉంటుందో ఊహించుకోండి. గట్టిగా అనిపించడానికీ నిజమవడానికీ సంబంధం చాలా తక్కువ, చిన్న డబ్బా కూడా గట్టిగానే బరువనిపించింది.

కాటా: ఒక చిన్న నోట్‌బుక్కు

పది రూపాయల పుస్తకం చాలు. ఏదైనా బలంగా అనిపించినప్పుడు, ఫలితం తెలియకముందే, ఒక వరుస రాయండి. తేదీ, ఏమనిపించింది, నూటికి ఎన్నిపాళ్ళు నమ్మకం, ఎప్పటికల్లా తేలుతుంది. "వాడు మంచివాడు కాదు" అని రాయకండి, అది ఎప్పటికీ తేలదు. "ఈ నెలాఖరుకి డబ్బు తిరిగివ్వడు, 80" అని రాయండి. చివర ఇంకో ముక్క: ఆకలి, నిద్ర, కాఫీ. రెండు కాఫీలు తాగి నాలుగు గంటలే పడుకున్న రోజు గుండె దడదడలాడుతుంటే మెదడు దానికి ఏదో ఒక కారణం వెతుక్కుంటుంది, అప్పుడు పక్కింటివాడి పలకరింపులో కూడా ఏదో ఉందనిపిస్తుంది. అది మనసు చెప్పడం కాదు, కాఫీ, నిద్రలేమి అని నాకు తెలియడానికి ఈ ముక్కే ఉపయోగపడింది.

వంటిల్లు, మనుషులు, ప్రయాణాలు, డబ్బు, ఆరోగ్యం, ఇలా దేని పేజీ దానికి పెట్టండి. అన్నీ కలిపితే పాల గిన్నె పొంగడాన్ని సరిగ్గా ఊహించిన గొప్ప, స్థలం కొనడానికి కూడా పనికొస్తుందనిపిస్తుంది. నెలకోసారి కూర్చుని తప్పొప్పులు పెట్టండి. 80 అని రాసిన పదింటిలో ఎనిమిది వరకు నిజమైతే ఆ పేజీలో మీ అనిపించడం ఆరోగ్యంగా ఉన్నట్టు. అయిదే నిజమైతే, మీ 80 అంటే అసలు 50 అన్నమాట. రాసినదాన్ని తర్వాత దిద్దకూడదు, పెన్నుతోనే రాయాలి.

ఇంత పట్టుబట్టి ముందే రాయమనడం ఎందుకంటే, తర్వాత అడిగితే మెదడు కథ చెబుతుంది. మూర్ఛ తగ్గడానికి మెదడు రెండు సగాల మధ్య వంతెనని కోసేసిన ఒకతనికి గజానిగా, లెడూ అనే పరిశోధకులు 1970ల చివరిలో ఒక పరీక్ష పెట్టారు. మాట్లాడే ఎడమ సగానికి కోడి కాలు బొమ్మ, మాట రాని కుడి సగానికి మంచు బొమ్మ చూపించి, ఎదురుగా ఉన్నవాటిలో సరిపోయేది ఏరమన్నారు. ఎడమ సగం నడిపే కుడి చెయ్యి కోడిని చూపించింది, కుడి సగం నడిపే ఎడమ చెయ్యి మంచు ఎత్తిపోసే పారని చూపించింది. పార ఎందుకని అడిగితే, మంచు సంగతి తెలియని ఎడమ సగం తడుముకోకుండా, కోళ్ళ షెడ్డు శుభ్రం చేయడానికి పార కావాలి కదా అంది. అబద్ధమాడుతున్నానని దానికి తెలియదు. మన వంతెన బాగానే ఉన్నంత మాత్రాన మనం ఇలా కథలు అల్లం అని నేను అనుకోను. "నాకు ముందే తెలుసు" అన్న మాట ఎంతమంది నోట విన్నామో, ఎన్నిసార్లు మనమే అన్నామో గుర్తు తెచ్చుకోండి, తప్పిన ఊహల గురించి ఆ మాట ఎవ్వరూ అనరు.

పుస్తకం తీయకూడని సందర్భాలు ఉన్నాయి. చీకట్లో వెనక ఎవరో వస్తున్నారనిపిస్తే పాళ్ళు లెక్కపెట్టకండి, జనం ఉన్న వైపు వెళ్ళిపోండి, తప్పయితే పోయేది అయిదు నిమిషాల నడక. పసిపిల్ల "ఎందుకో మామూలుగా లేదు" అని తల్లికి అనిపించినా అంతే, డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఒక తల్లి తన బిడ్డని రోజుకి ఎన్నిసార్లు చూస్తుందో లెక్కపెడితే ఆ రెండు ప్రశ్నలకీ అక్కడ జవాబు ఉంది.

నేను ఏడు నెలలుగా రాస్తున్నాను. ప్రయాణాల పేజీ బాగుంది, బస్సు ఎంత ఆలస్యమవుతుందో నాకు నిజంగానే తెలుస్తోంది. మనుషుల పేజీ ఘోరంగా ఉంది, 80లు సగమే నిలబడ్డాయి, మొదటిసారి చూసి తేడా కొట్టినవాళ్ళలో ఇద్దరు ఇప్పుడు మంచి స్నేహితులు. అందుకని ఇప్పుడు కొత్తవాళ్ళని రెండోసారి కలిశాకే వరుస రాస్తున్నాను. పది వరుసలు దాటని పేజీని లెక్కలోకి తీసుకోకండి. నా డబ్బు పేజీలో ఇప్పటికి నాలుగే ఉన్నాయి, దాని గురించి వచ్చే ఏడాది చూస్తాను.